వేలిముద్ర ముందా, బోను ముందా? హైస్కూలు పిల్లలకు ఏది మేలు?

8, 9 తరగతుల పిల్లలకు ఫోరెన్సిక్, కోర్టు పద్ధతులు నేర్పడానికి రెండు పూటలే దొరికాయనుకోండి. చాలామంది పౌడరు, బ్రష్షుతో మొదలుపెడతారు. మా ఓటు మాత్రం కోర్టుకే: మొదటి పూట బోను, రెండో పూట ల్యాబ్.

వేలిముద్రల పాఠానికి ఖర్చు తక్కువ, పిల్లలకు ఉత్సాహం ఎక్కువ. 4బి పెన్సిల్ మొనను గరుకు కాగితం మీద రుద్దితే నల్లపొడి వస్తుంది. తెల్ల టైలు మీద ముద్రకు అది చాలు, నల్ల గ్రానైటుకైతే టాల్కం పౌడరు వాడాలి. మెత్తటి మేకప్ బ్రష్షు కొసను పొడికి అలా తాకించి, దులిపి, ముద్ర మీద తేలిగ్గా తిప్పాలి. గీతలు కనబడగానే ఆపేయాలి. ఎక్కువ మంది చెడగొట్టేది ఇక్కడే: పొడి ఎక్కువైతే గీతల మధ్య సందులు పూడిపోయి ముద్ర మచ్చలా మారుతుంది. స్టీలు గ్లాసుతో మొదలుపెట్టొద్దు, గుండ్రటి దాని మీద ముద్రను ఎత్తే టేపు ముడతలు పడుతుంది. ఫ్యాన్ ఆపండి, మాస్కులు పెట్టించండి. తిరుపతి ఏప్రిల్ ఎండల్లో చెమట చేతులతో గట్టిగా నొక్కితే ముద్ర అలుక్కుపోతుంది, చేయి తుడుచుకున్నాకే వేయించాలి.

అసలు లోటు పనితనంలో లేదు, ముద్రలను పోల్చి తేల్చడంలో ఉంది. రెండు ముద్రల్లోనూ లూపులే (వచ్చిన పక్కకే వంగి తిరిగే గీతలు) కనబడగానే ‘సరిపోయింది సార్’ అనేస్తారు. మనుషుల వేలిముద్రల్లో సుమారు 60–65 శాతం లూపులే! గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని వెతికే ఓపిక వాళ్లకు రావాలంటే, ఆ మాటను నిలదీసేవాళ్లు ఎదురుగా ఉండాలి.

అందుకే కోర్టు ముందు. స్కూలు ల్యాబ్‌లో మైక్రోస్కోప్ పోయిందని కేసు కట్టి, ముద్ర ఉన్న కవరును టీచరే తయారుచేయాలి. దాని మీద టైము, సంతకం కావాలనే వేయకుండా వదిలేయాలి. సాక్షులను మన కోర్టుల్లో లాగే పి.డబ్ల్యు.1, పి.డబ్ల్యు.2 (ప్రాసిక్యూషన్ సాక్షులు) అని, కవరును ఎం.ఓ.1 (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా చూపే వస్తువు) అని పిలవండి. డిఫెన్స్ లాయరు పాప లేచి, కవరు కట్టిన సాక్షిని అడుగుతుంది:

‘కవరు మీద టైము వేయలేదు, అవునా?’

‘వేయలేదు మేడం.’

‘సంతకమూ లేదు?’

‘లేదు.’

‘అయితే లోపలున్నది ఆ టైలు మీది ముద్రేనని చెప్పే కాగితం ఒక్కటీ లేదు.’

రెండో పూట ల్యాబ్‌లో ఆ పిల్లలు టేపు తీసిన నిమిషంతో సహా రాస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు. భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ నిపుణుడి అభిప్రాయాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది. ఆ నిపుణుణ్ణి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్నించే హక్కు ఎదుటి పక్షానికి ఉంటుంది. ఈ రెండో మాట పిల్లలకు బోనులోనే ఒంటబడుతుంది.

కోర్టు పూట చెడేదీ ఉంది. సాక్షికి పేజీలకొద్దీ రాసిస్తే బట్టీ పట్టి అప్పజెబుతాడు. పది వాక్యాల వాంగ్మూలం ఇచ్చి, అందులో లేనిది అడిగితే ‘తెలీదు’ అనమనండి. ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) తన సాక్షినే ‘నువ్వు సాయంత్రం అతన్ని చూశావు కదా?’ అని జవాబు తానే అందిస్తూ నడిపిస్తే డిఫెన్స్ అభ్యంతరం చెప్పాలి. అదే చట్టం 146వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రశ్న క్రాస్‌లో చెల్లుతుంది, చీఫ్‌లో (సాక్షిని తెచ్చిన పక్షం అడిగేటప్పుడు) అభ్యంతరం వస్తే జడ్జి అనుమతి కావాలి. క్రాస్‌లో ‘ఎందుకు’ అని అడగనివ్వకండి, సాక్షికి కథ చెప్పుకునే దారి దొరుకుతుంది. ఒక్కో సాక్షికి చీఫ్ ఐదు నిమిషాలు, క్రాస్ ఐదు. పాత్రలు డజనుకు మించవు కాబట్టి 40 మంది ఉంటే అదే కేసుకు రెండు కోర్టులు పెట్టండి.

6, 7 తరగతులైతే మా లెక్క తిరగబడుతుంది. ఆ వయసులో వాదన సాగదు, బ్రష్షే ముందు.

ఏ దారిలో వెళ్లినా పిల్లల ముద్రలున్న కాగితాలను అదే సాయంత్రం వాళ్ల ముందే చించేయండి, ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి. తర్వాత చిత్తూరు లేదా తిరుపతి కోర్టుకు తీసుకెళ్తే మరీ మంచిది. విచారణ సాధారణంగా బహిరంగమే అయినా తరగతి మొత్తంతో వెళ్లేముందు కోర్టు అనుమతి తీసుకోండి. పోక్సో కేసులు (పిల్లలపై లైంగిక నేరాలవి) రహస్యంగా విచారిస్తారు కాబట్టి ఆ కోర్టు వైపు వెళ్లొద్దు.