ఒక్క సంపుటంలో ముగిసే క్రైమ్ మాంగా: పుస్తకమా, ఫోనా?

మా రాయగడ, గుణుపురం వైపు కుర్రాళ్లు ఈమధ్య కనబడితే చాలు మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల గురించి అడిగే మాట ఇదే: "అన్నా, ఒక్క పుస్తకంలో అయిపోయే మాంగాకి డబ్బులెట్టి కొనాలా? ఫోన్లో చదివేస్తే సరిపోదా?" అందులోనూ వాళ్లు అడిగేది ఎక్కువగా ఒక రకం కథల గురించే. బిడ్డను పోగొట్టుకున్న తల్లో తండ్రో, పోలీసులు చేతులెత్తేశాక తనే ఆరా తీయడానికి బయల్దేరే కథలు. కుడి నుంచి ఎడమకు చదవాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

ముందు ఫోన్ తరఫున మాట్లాడతా. మన ఊళ్ల పుస్తకాల కొట్లలో దొరికేవి గైడ్లు, నోటుబుక్కులు. మాంగా కావాలంటే విశాఖ వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి, లేదా ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. వానాకాలమైతే పార్సిల్ అట్ట మెత్తబడి చేతికొస్తుంది. ఫోన్లో అయితే రాత్రి భోజనమయ్యాక అనుకుంటే పడుకునేలోపు సగం చదివేయొచ్చు. ముందే దించుకుంటే కోరాపుట్ లైన్లో సొరంగాల దగ్గర సిగ్నల్ పోయినా బెంగ లేదు. ఇంకో లాభం ఎవరూ చెప్పరు. పుస్తకంలో ఎంత మిగిలిందో వేళ్లకు తెలిసిపోతుంది. ఇంకా అంత మందం ఉందంటే, ఇప్పుడు దొరికినవాడు అసలు హంతకుడు కాడని అర్థమైపోతుంది. ఫోన్లో ఆ గుట్టు అంత తేలిగ్గా బయటపడదు.

అయినా నా ఓటు పుస్తకానికే. ఎందుకో చెప్తాను.

మాంగా గీసేవాడు పేజీ ఎక్కడ తిప్పుతామో చూసుకుని గీస్తాడు. ఎడమ పేజీ అడుగున, చిట్టచివరి గడిలో ఒక ప్రశ్నో, తలుపు మీద పడ్డ చెయ్యో పెడతాడు. తిప్పగానే రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ. ఇలాంటి కథల్లో ఆ పెద్ద బొమ్మలో చాలాసార్లు ఒక్క మాట కూడా ఉండదు. ఉదాహరణకి, తల్లి స్టేషన్ నుంచి ఇంటికొచ్చి గది తలుపు తీస్తుంది. తిప్పితే గది మొత్తం కనిపిస్తుంది: బల్ల, సగం రాసిన నోటుబుక్కు, హ్యాంగర్‌కి యూనిఫాం, ఎక్కడో ఓ మూల చిన్నగా ఆమె. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఆ గది నిలువునా రెండు ముక్కలవుతుంది. ఒక ముక్కలో బల్ల, ఇంకో ముక్కలో తల్లి. అడ్డంగా తిప్పితే ముక్కలవదు గానీ అగ్గిపెట్టె బొమ్మంత అయిపోతుంది. మాటలుంటే ఎలాగోలా చదివేస్తాం, మాట లేని పేజీని మాత్రం బొటనవేలు అర సెకనులో తోసేస్తుంది. కథలో దుఃఖమంతా ఉన్నది ఆ పేజీలోనే కదా!

ఆధారాలు కూడా అలాంటి చోటే దాస్తారు. జపాన్ ఇళ్లలో పోయినవాళ్ల కోసం చెక్క మందిరం ఒకటి ఉంటుంది. ముందు ఫొటో, అగరొత్తులు, చిన్న గంట. దహనం తర్వాత అస్థికల పాత్రను మామూలుగా 49వ రోజు దాకా ఇంట్లోనే ఉంచుతారు, మనం పెద్దకర్మ దాకా లెక్కపెట్టుకున్నట్టు. కాబట్టి వెనకాల తెల్లగుడ్డ కప్పిన ఆ పాత్ర కనబడితే హత్య జరిగి ఎక్కువ రోజులు కాలేదని, తర్వాతి అధ్యాయంలో అది లేకపోతే కాలం గడిచిందని తెలుస్తుంది. ఇవన్నీ మాటల్లో చెప్పరు.

గోడ మీది కేలండర్ సంగతి ఇంకా ముఖ్యం. జపాన్‌లో 2010 ఏప్రిల్ 27 వరకు హత్య కేసుకు కూడా కాలపరిమితి ఉండేది. మొదట 15 ఏళ్లు, 2005లో దాన్ని 25 చేశారు. గడువు దాటాక హంతకుడు ఎదురుగా నిలబడి ఒప్పుకున్నా కేసు నడవదు. ఆప్తుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు గట్టిగా అడిగిన మీదటే దాన్ని ఎత్తేశారు. హత్యకు అలాంటి గడువు మన చట్టంలో లేదు కాబట్టి మనకు చప్పున తట్టదు. 1990ల్లో జరిగే కథలో తండ్రి ఎందుకంత తొందరపడుతున్నాడో, చట్టాన్ని ఎందుకు పక్కన పెడుతున్నాడో కేలండర్ మీది సంవత్సరమే చెప్తుంది. ఫోన్లో దాన్ని పెద్దది చేసి చూసుకోవచ్చు, నిజమే. పెద్దది చేయాలని తట్టాలి కదా. పుస్తకంలో అనుమానం వస్తే వెనక పేజీలో వేలు పెట్టుకుని రెండూ పక్కపక్కనే చూసుకుంటాం.

ఖర్చు మాట. సంపుటానికి ఐదొందలు అటూ ఇటూ అవుతుంది. నవోకీ ఉరసావా గీసిన 'మాన్‌స్టర్' లాంటిదైతే 18 సంపుటాలు, దానికి నేనూ ఫోనే అంటాను. ఒక్క సంపుటంతో ముగిసే కథకు ఆ బాధ లేదు. చదివాక బరంపురంలో చదువుకుంటున్న తమ్ముడికి ఇస్తే హాస్టల్ మొత్తం తిరిగొస్తుంది, ఒక్కోసారి అట్ట లేకుండా.

ట్యాబ్ ఉన్నవాళ్లు అడ్డంగా పెట్టుకుని చదువుకోండి, పర్వాలేదు. దొంగ సైట్లలో పేజీలు తారుమారవుతాయి, మధ్యలో రమ్మీ ప్రకటన వస్తుంది, వాటి గురించి ఇంకేం చెప్పను.

కొరియా వెబ్‌టూన్ల, అంటే ఫోన్లో చదివే బొమ్మల కథల లెక్క మాత్రం వేరు. వేలితో పైకి తోసుకుంటూ పై నుంచి కిందికి చదవడానికే గీస్తారు వాటిని, తిప్పే పేజీయే ఉండదు. వాటిని అచ్చులో చూశాను, పొడుగు బొమ్మను కోసి గడుల్లో సర్దితే ఊపు పోయింది. వాటికి మాత్రం పుస్తకం కొనకండి.