ట్రక్కుకి బటన్ స్టార్టా, తిప్పే కీనా: ఏది మేలు?

"బటన్ స్టార్ట్ ఉన్న మోడల్ తీసుకోమంటారా, కీ తిప్పేది చాలంటారా?" ట్రక్కు కొనబోయేవాళ్లు ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఒకేచోట రాసేస్తే మంచిదనిపించింది. కారుకైతే నేను ఇంత ఆలోచించను, బటనే తీసుకోండి అంటాను. ట్రక్కు సంగతి వేరు. రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాం, ఇంజన్ ఆన్‌లో ఉంచే కిందకి దిగి పని చేసుకుంటాం, ఒకే బండి నలుగురి చేతుల్లో తిరుగుతుంది, బురద, దుమ్ము, నీళ్లు తప్పవు, ఎక్కడో ఆగిపోతే మెకానిక్ దగ్గర్లో ఉంటాడన్న నమ్మకం లేదు.

ఈ రెండింటినీ పోల్చేవాళ్లు దాదాపు అందరూ బండి స్టార్ట్ చేసే క్షణం గురించే మాట్లాడతారు. జేబులోంచి కీ తీయక్కర్లేదు, చేతులు నిండా సామాను ఉన్నా తలుపు తెరుచుకుంటుంది, ఇలాంటివి. అవన్నీ నిజమే, కాదనను. కానీ నా లెక్కలో అసలు తేడా స్టార్ట్ చేసేటప్పుడు కనిపించదు, బండి దిగేటప్పుడు కనిపిస్తుంది.

ఆటోమేటిక్ గేర్లున్న బండిలో కీ బయటకు రావాలంటే గేరు పార్క్‌లో, అంటే బండి కదలకుండా పట్టి ఉంచే స్థానంలో, ఉండి తీరాలి. డ్రైవ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే మీరు ఎంత లాగినా కీ రాదు. అమెరికాలో 4,536 కిలోల లోపు వాహనాలకి ఇది ఫెడరల్ భద్రతా ప్రమాణం 114 కింద ఉన్న నిబంధన. అంటే కీ చేతిలో ఉందంటే ఇంజన్ ఆగింది, గేరు పార్క్‌లో పడింది అన్న రెండు విషయాలూ ఖాయం. మీరు నిద్రమత్తులో ఉన్నా, ఫోన్‌లో మాట్లాడుతున్నా, మనసు మరెక్కడో ఉన్నా ఆ క్రమం తప్పదు. ఫాబ్ (బటన్ బండికి కీ బదులు జేబులో ఉంచుకునే చిన్న రిమోట్) విషయంలో అలా కాదు. అది పొద్దున్నుంచీ మీ జేబులోనే ఉంది, బండి ఏ గేరులో ఉన్నా మీతోపాటే కిందకి దిగుతుంది. బీప్ మోగుతుంది, డాష్‌బోర్డు మీద అక్షరాలు వస్తాయి, కొన్ని బండ్లు హారన్ కూడా కొడతాయి, కానీ పక్కన జనరేటరో కంప్రెసరో మోగుతున్న చోట ఆ బీప్ ఎవరికి వినపడుతుంది?

ఇది ఊహించి చెబుతున్నది కాదు. నొక్కి వదిలితే మళ్లీ మధ్యకి వచ్చేసే గేరు లివర్ వల్ల, పార్క్‌లో పడిందనుకుని దిగిపోతే బండి కదిలిపోతోందని 2016లో ఫియట్ క్రైస్లర్ ప్రపంచవ్యాప్తంగా 11 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. అక్కడ తప్పు లివర్ డిజైన్‌ది, బటన్‌ది కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ కీ తీసుకుని దిగాల్సిన బండిలో ఆ పొరపాటు అప్పటికప్పుడే తెలిసిపోయేది, ఎందుకంటే కీ ఊడి వచ్చేది కాదు. మాన్యువల్ గేర్ల ట్రక్కులకి ఈ లంకె ఎలాగూ లేదు, అక్కడ రెండూ ఒకటే, హ్యాండ్‌బ్రేక్ వేసి గేరులో ఉంచి దిగడం మన అలవాటు మీద ఆధారపడుతుంది.

దిగేటప్పుడు ఇంజన్ ఆపడం మర్చిపోవడం రెండోది. మూసిన గ్యారేజీలో బండి నడుస్తూ ఉండిపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది, దానికి రంగూ వాసనా లేవు. కీ లేని వాహనాల వల్ల 2006 నుంచి 24 మందికి పైగా ఇలా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. కీ ఉన్న బండిని ఎవరూ ఆన్‌లో వదిలేయరని కాదు, కానీ ఇంటి తాళాలు కూడా అదే గుత్తిలో ఉంటే అది లేకుండా ఇంట్లోకి వెళ్లలేరు కదా. హైబ్రిడ్ ట్రక్కుల విషయంలో నాకు ఇంకా భయం. దిగేటప్పుడు ఇంజన్ చప్పుడే ఉండదు, ఆపేశామనుకుని తలుపేసి వెళ్లిపోతాం, కాసేపటికి బ్యాటరీ తగ్గగానే ఇంజన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. దీనికి మందు ఉంది, కొంతసేపటికి ఇంజన్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు. టొయోటా 2020 మోడళ్ల నుంచి దాన్ని పెడతామని ప్రకటించింది, 2021లో అమెరికా చేసిన మౌలిక వసతుల చట్టం కూడా దీని మీద నిబంధన తేవాలని చెప్పింది. అయితే ట్రక్కు వాడేవాళ్లలో కొందరు పని దగ్గర ఇంజన్ ఆగిపోతోందని ఆ సెట్టింగ్‌నే ఆఫ్ చేసేస్తారు. దయచేసి అలా చేయకండి. పని ఉన్న పూట ఆపుకుని, ఆ పూట అయిపోగానే మళ్లీ ఆన్ చేసుకోండి.

మూడోది మెకానిక్కులకి బాగా తెలిసిన విషయం. బండి కింద దూరి పనిచేసేవాడు, ఫ్యాన్ బెల్టు దగ్గర చెయ్యి పెట్టేవాడు ముందుగా కీ తీసి తన జేబులో వేసుకుంటాడు. ఒకే కీ వాడుకలో ఉన్నంతకాలం, అది తన దగ్గరుంటే ఇంకెవరూ బండిని కదిలించలేరు. ఫాబ్‌ని జేబులో వేసుకుని అదే బండి కింద పడుకుంటే అది ఇంకా పరిధిలోనే ఉండొచ్చు, పైన ఎవరో బ్రేకు తొక్కి బటన్ నొక్కితే ఇంజన్ లేచే ప్రమాదం ఉంది. రెండో ఫాబ్ క్యాబిన్‌లో ఏ కోటు జేబులోనో మర్చిపోయి ఉంటే ఇక చెప్పేదేముంది. ట్రెయిలర్ తగిలించేటప్పుడు, టైరు మార్చేటప్పుడు, పిల్లలు క్యాబిన్‌లో కూర్చున్నప్పుడు కూడా ఇదే భయం. బటన్ బండి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, కిందకి దూరే ముందు ఫాబ్‌లన్నీ బండికి దూరంగా పెట్టి, ఒకసారి బటన్ నొక్కి స్టార్ట్ అవ్వట్లేదని చూసుకుని, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ కూడా తీసేసి అప్పుడు పని మొదలుపెట్టండి.

ఇంతవరకూ చదివితే నేను బటన్‌కి పూర్తిగా వ్యతిరేకిననిపిస్తుంది. కాదు. కీ బండ్లకి ఉన్న ఒక పెద్ద జబ్బు బటన్ బండ్లకి లేదు. జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం గుర్తుందా? బరువైన గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా కీ ఇంజన్ నడిచే రన్ స్థానం నుంచి రేడియోలాంటివి మాత్రమే పనిచేసే యాక్సెసరీ స్థానానికి జారిపోయేది, ఇంజన్ ఆగేది, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. 2014లో దాదాపు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు, 124 మరణాలకి కంపెనీ నిధి నుంచి పరిహారం ఇచ్చారు. ట్రక్కు నడిపేవాళ్ల గుత్తి మామూలుగానే బరువు, గేటు తాళాలు, టూల్‌బాక్సు తాళాలు, ట్రెయిలర్ తాళాలు అన్నీ దానికే. కీ బండి తీసుకుంటే బండి తాళం ఒక్కటే విడిగా పెట్టుకోండి, ఇది నా గట్టి సలహా. దుమ్ములో తిరిగే బండికి కీ సిలిండర్ అరగడం, చలిలో గడ్డకట్టడం, కీ అంచులు అరిగి అటూ ఇటూ కదిపితే గానీ తిరగకపోవడం కూడా మామూలే. రోజుకు ఎన్నో చోట్ల ఆగే డెలివరీ బండ్లకి ఈ కోణంలో బటన్ నిజంగా సుఖం. డీజిల్ బండ్లకి ఇంకొక లాభం: కీ అయితే ఆన్‌లో పెట్టి గ్లో ప్లగ్ (స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించేది) లైటు ఆరేదాకా మనం ఆగాలి, తొందరపడేవాళ్లు ఆగరు. బటన్ నొక్కితే చాలా బండ్లలో కంప్యూటరే ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి అప్పుడు స్టార్టర్ తిప్పుతుంది.

నడుస్తున్న బండిని అత్యవసరంగా ఆపాల్సి వస్తే మాత్రం మళ్లీ కీయే నయం, ఎందుకంటే ఎవరికైనా చెయ్యి అటే వెళ్తుంది, ఒక్క మెట్టు వెనక్కి తిప్పితే ఇంజన్ ఆగుతుంది (పూర్తిగా తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడొచ్చు). బటన్‌ని చాలా బండ్లలో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లేదా టకటకా మూడుసార్లు నొక్కాలి. 2009లో కాలిఫోర్నియాలో ఫ్లోర్ మ్యాటు యాక్సిలరేటర్‌కి అడ్డుపడి ఒక లెక్సస్ ఈఎస్ 350 ఆగకుండా దూసుకుపోయి నలుగురు చనిపోయారు. ఆ కారు బటన్‌ని 3 సెకన్లు నొక్కి పట్టాలి, ఆ కంగారులో అది ఎవరికి గుర్తొస్తుంది? మీ బండిలో పద్ధతి ఏమిటో మాన్యువల్‌లో ఇవాళే చూసుకోండి.

దొంగతనం సంగతికి వస్తే, బటన్ బండి సులువుగా పోతుందని కొందరు, కీ బండే పోతుందని కొందరు వాదిస్తుంటారు. ఇద్దరూ సగం సగం నిజమే. 2011లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల 10 మోడళ్ల మీద రిలే దాడి చేసి చూశారు, పదీ లొంగిపోయాయి. ఫాబ్ ఇంట్లో బల్ల మీద ఉండగానే ఇద్దరు దొంగలు రెండు పరికరాలతో దాని సిగ్నల్‌ని బండిదాకా చేరవేస్తారు, బండి మీరే పక్కన ఉన్నారనుకుని తెరుచుకుంటుంది. లోపల చిప్ ఉన్న మామూలు తిప్పే కీకి ఈ బాధ లేదు, తలుపు దగ్గరకు వెళ్లినంత మాత్రాన అది పలకదు. మరోవైపు అమెరికాలో కియా, హ్యుందాయ్ కార్లు కుప్పలుతెప్పలుగా పోయింది ఇమ్మొబిలైజర్ (సరైన చిప్ లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లేని తిప్పే కీ మోడళ్లలోనే, అదే కంపెనీల బటన్ మోడళ్లకి ఇమ్మొబిలైజర్ ఉంది. కాబట్టి చూడాల్సింది ఇమ్మొబిలైజర్ ఉందా లేదా అన్నది. బటన్ బండి తీసుకుంటే కదలకుండా ఉన్న ఫాబ్ నిద్రపోయే సౌకర్యం ఉందేమో, లేదా దూరాన్ని కాలంతో కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఫాబ్ ఉందేమో అడగండి. రెండూ లేకపోతే రాత్రి ఫాబ్‌ని సిగ్నల్ దాటనివ్వని లోహపు పౌచ్‌లో పెట్టడమే దారి. తలుపు దగ్గరకు రాగానే తెరుచుకునే సౌకర్యాన్ని మెనూలో ఆపేసుకునే వీలు కూడా కొన్ని బండ్లకి ఉంటుంది.

ఫాబ్ సెల్ అయిపోతే నడిరోడ్డు మీద ఉండిపోతామన్న టెన్షన్ చాలామందికి ఉంది, అంత అక్కర్లేదు. ఫాబ్ లోపల తలుపు తెరవడానికి చిన్న లోహపు కీ దాగి ఉంటుంది, తలుపు తెరిచాక చాలా బండ్లలో ఫాబ్‌ని బటన్‌కి ఆనించో, కన్సోల్‌లో దాని కోసం ఉన్న చోట పెట్టో నొక్కితే సెల్ లేకపోయినా లోపలి చిప్ పలుకుతుంది. సెల్ కూడా ఎక్కువగా సీఆర్ 2032 రకమే, ఒకటి గ్లవ్‌బాక్సులో పడేసుకుంటే సరి. అసలు ఇబ్బంది ఫాబ్ నీళ్లలో పడ్డప్పుడు, పోయినప్పుడు. చిప్ కీ తడిసినా సాధారణంగా పనిచేస్తుంది, ఫాబ్ లోపల సర్క్యూట్ ఉంది కాబట్టి చెప్పలేం. చిప్ కీ పోయినా ఫాబ్ పోయినా ప్రోగ్రామింగ్ ఖర్చు తప్పదు, పైగా ఫాబ్ ఖరీదెక్కువ. కొన్ని బండ్లలో పనిచేసే ఫాబ్‌లు రెండు చేతిలో ఉంటేనే మూడోదాన్ని మనంతట మనం కలుపుకోగలం, అందుకే రెండోది పోకముందే మూడోది చేయించుకోండి. నలుగురు డ్రైవర్లు మారే బండికి ఇంకో చిక్కుంది. ఒకరు ఇంజన్ ఆన్‌లో ఉంచి దిగి ఫాబ్ జేబులో వేసుకుని వెళ్లిపోతారు, ఇంకొకరు ఎక్కి బండి తీసుకుపోతారు, ఫాబ్ లేకపోయినా బండి నడుస్తూనే ఉంటుంది, దూరం వెళ్లి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఫోన్‌తో తెరిచేవి బాగానే ఉన్నాయి, కానీ ఫోన్ ఛార్జి అయిపోయే పనుల మీద తిరిగేవాళ్లు దాన్ని అదనపు తాళంగానే ఉంచుకోవాలి. తలుపు మీద నంబర్ల ప్యాడ్ నాకు ఇష్టం, ఫోర్డ్ 1980 నుంచీ ఇస్తోంది, నీళ్లలో దిగే పని ఉన్నప్పుడు ఫాబ్ లోపలే పెట్టి లాక్ చేసుకోవచ్చు. బయట అమ్మే బటన్ కిట్లు మాత్రం వద్దు, వాటిలో కొన్నింటిని బిగించడానికి స్టీరింగ్ లాకునో, ఇమ్మొబిలైజర్‌నో తప్పించేస్తారు. ఎయిర్ బ్రేకులున్న పెద్ద ట్రక్కుల్లో కీకీ పార్కింగ్ బ్రేకుకీ లంకె మామూలుగా ఉండదు, పసుపు నాబ్ లాగడమే ముఖ్యం, కాబట్టి అక్కడ నేను చెప్పిన మొదటి వాదన వర్తించదు, మెకానిక్ వాదన మాత్రం ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

పని కోసం, నలుగురు నడిపే ట్రక్కయితే రిమోట్, చిప్ ఉన్న తిప్పే కీ తీసుకోండి. మీరొక్కరే నడుపుతారు, ఎక్కువ సొంత ప్రయాణాలే అంటే బటన్ హాయిగా తీసుకోవచ్చు, కానీ ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు, తలుపు తెరిస్తే గేరు తనంతట తానే పార్క్‌లో పడే ఏర్పాటు రెండూ ఉంటేనే. ఉన్నాయని అమ్మేవాళ్లు నోటితో చెబితే చాలదు. టెస్ట్ డ్రైవ్‌లో చదునైన ఖాళీ స్థలంలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, బ్రేకు మీద కాలు ఉంచి, డ్రైవ్‌లోనే సీటు బెల్టు తీసి తలుపు కొంచెం తెరిచి చూడండి, బండి ఏం చేస్తుందో చాలావరకు అక్కడే తెలుస్తుంది. బ్రేకు తొక్కి ఉన్నంతసేపు గేరు పార్క్‌లో పడని బండ్లూ ఉన్నాయి, కాబట్టి మాన్యువల్ కూడా చూసుకోండి.