కండిషన్‌కు రెస్పాన్స్‌ను ముడివేయడం: ఐబీఎం ఆర్‌ఎస్‌సీటీపై రెండేళ్ల వాడకం తర్వాత

విజయవాడ గవర్నర్‌పేటలోని మా కార్యాలయంలో నాలుగు ఐబీఎం పవర్ సర్వర్లు ఏఐఎక్స్ (ఐబీఎం వారి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఒకే క్లస్టర్‌గా, అంటే కలిసి పనిచేసే గుంపుగా, నడుస్తున్నాయి. గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారుల లెక్కలు, ఆ చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో నిల్వ ఉన్న మిర్చి టిక్కీల (బస్తాల) పద్దులు వీటి మీదే ఉంటాయి. యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు మా డిస్కులకూ అంతే ఒత్తిడి. రాత్రి పదకొండు గంటలకు మొదలయ్యే పద్దుల సర్దుబాటు తెల్లవారేలోగా ముగియకపోతే, ఉదయం వేలం వేళకు వ్యాపారి చేతిలో నిన్నటి నిల్వ ఉండదు. అందుకే రాత్రిపూట డిస్కు నిండుతోందని ఎవరో చూసి ఫోన్ చేసే వరకు ఆగకుండా, సర్వరే ఆ పరిస్థితిని గుర్తించి తగిన పని మొదలుపెట్టే ఏర్పాటు మాకు అవసరమైంది. దానికి మేము ఎంచుకున్నది ఏఐఎక్స్‌తో పాటే వచ్చే ఆర్‌ఎస్‌సీటీ (రిలయబుల్ స్కేలబుల్ క్లస్టర్ టెక్నాలజీ) అనే సాఫ్ట్‌వేర్. విడిగా కొనవలసిన పని లేదు.

దీని నిర్మాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం మూడు వస్తువులను మూడుగానే ఉంచడం. ఏం గమనించాలో చెప్పేది కండిషన్. ఏం చేయాలో చెప్పేది రెస్పాన్స్. ఈ రెండింటినీ కలిపే ముడి మూడో వస్తువు. చాలా పర్యవేక్షణ సాధనాల్లో హద్దునూ దానికి చేయవలసిన పనినీ ఒకే చోట రాసేస్తాం కనుక, ఒకటి మార్చబోతే రెండోది కదులుతుంది. ఇక్కడ ‘వార్ (సర్వర్ లాగ్‌లు, అంటే జరిగినవాటి నమోదులు ఉండే /var విభాగం) నిండుతోంది’ అనే ఒక్క కండిషన్‌కు పగలు మెయిల్ పంపే రెస్పాన్స్‌ను, రాత్రి పాత లాగ్‌లను కుదించే రెస్పాన్స్‌ను విడివిడిగా ముడివేయవచ్చు. ఏ రోజుల్లో, ఏ గంటల మధ్య ఆ పని జరగాలో రెస్పాన్స్‌లోనే రాసుకోవచ్చు. ఆదివారాన్ని 1గా, శనివారాన్ని 7గా లెక్కిస్తుంది. మెయిల్ పంపడానికి, లాగ్‌లో రాయడానికి, తెరపై సందేశం చూపడానికి స్క్రిప్టులు దానితోనే వస్తాయి కాబట్టి మొదటి రోజే కొంత పని చేయించుకోవచ్చు.

రీఆర్మ్ (ఒకసారి మోగిన కండిషన్‌ను మళ్లీ సిద్ధం చేసే షరతు) గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు దీన్నే వదిలేస్తారు. ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు ఉండే విభాగం) వాడకం 90 శాతం దాటితే ఈవెంట్ అని మాత్రమే రాస్తే, ఆ మాట నిజమని తేలిన ప్రతిసారీ రెస్పాన్స్ నడుస్తుంది. రాత్రంతా 91 దగ్గర నిలిచిన డిస్కు తెల్లారేసరికి మెయిల్ పెట్టెను నింపేస్తుంది. దానికి తోడుగా 80 శాతం కంటే తగ్గితే అన్న రీఆర్మ్ షరతు రాస్తే, ఒకసారి ఈవెంట్ వచ్చాక వ్యవస్థ ఆ రెండో షరతు కోసమే చూస్తుంది. అది నిజమయ్యాకే మొదటి షరతును మళ్లీ గమనించడం మొదలుపెడుతుంది. రీఆర్మ్ జరిగినప్పుడు కూడా రెస్పాన్స్ నడిచేలా పెట్టుకోవచ్చు కనుక, ‘ఇబ్బంది తీరింది’ అనే కబురు కూడా దానంతట అదే అందుతుంది. రెండు హద్దుల మధ్య ఎంత ఎడం ఉంచాలన్నది మాత్రం మన సర్వర్ల తీరును బట్టి మనమే తేల్చుకోవాలి. మాకు 90, 80 సరిపోయాయి. 90, 88 పెట్టిన రోజుల్లో సర్దుబాటు నడిచినంతసేపూ మెయిళ్లు వస్తూ పోతూ ఉండేవి. క్షణకాలపు ఎగుడుదిగుళ్లను వదిలేయాలంటే షరతులో వెనకటి గమనింపు విలువను కూడా ప్రస్తావించవచ్చు. రెండుసార్లు వరుసగా హద్దు దాటితేనే ఈవెంట్ అని రాయడానికి అదే దారి.

మొదటి మిర్చి సీజన్‌లో మా పొరపాటు ఒకటి జరిగింది. ఎంకేకాండ్‌రెస్ప్ (mkcondresp) ఆదేశంతో కండిషన్‌నూ రెస్పాన్స్‌నూ ముడివేసి, పని పూర్తయిందనుకున్నాం. మార్చిలో ఒక రాత్రి వార్ పూర్తిగా నిండిపోయి సర్దుబాటు మధ్యలో ఆగిపోయింది. ఒక్క మెయిల్ కూడా రాలేదు. తెల్లవారుజామున కార్యాలయానికి చేరుకుని ముడుల స్థితిని చూపే ఎల్ఎస్‌కాండ్‌రెస్ప్ (lscondresp) కొట్టి చూస్తే ముడి అక్కడే ఉంది, దాని ఎదురుగా ఉన్న స్థితి మాత్రం ‘నాట్ యాక్టివ్’. ఎంకేకాండ్‌రెస్ప్ ముడి వేస్తుందే తప్ప గమనింపు మొదలుపెట్టదు. స్టార్ట్‌కాండ్‌రెస్ప్ (startcondresp) ఆదేశం రెండూ చేస్తుంది. ఈ తేడా మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది, మేము చదవలేదు. నిజానికి ఇది మేలైన పద్ధతేనని ఇప్పుడు అనుకుంటున్నాను: ముందు ముడులన్నీ వేసి, సరిచూసుకుని, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మొదలుపెట్టే వీలు దీనివల్లే కలుగుతుంది. అప్పటి నుంచి ప్రతి సోమవారం నాలుగు నోడ్‌ల (క్లస్టర్‌లోని సర్వర్ల) మీదా ఆ స్థితిని చూసి పుస్తకంలో రాసుకుంటున్నాం.

క్లస్టర్‌లో వాడేవారు మరో రెండు సంగతులు తెలుసుకోవాలి. కండిషన్ పరిధి ఆ ఒక్క నోడ్‌కా, పీర్ డొమైన్ (ఒకటిగా కలిపిన నోడ్‌ల గుంపు) మొత్తానికా అన్నది కండిషన్‌ను తయారుచేసేటప్పుడే చెప్పాలి. అంతకంటే ముఖ్యమైనది, ముడివేసిన కండిషన్, రెస్పాన్స్ రెండూ ఒకే నోడ్ మీద ఉండాలి. మూడో నోడ్‌లో డిస్కు నిండినా, కండిషన్ మొదటి నోడ్‌లో ఉంటే స్క్రిప్టు నడిచేది మొదటి నోడ్‌లోనే. మా శుభ్రపరిచే స్క్రిప్టు తొలి ప్రయోగంలో ఖాళీగా ఉన్న నోడ్‌లోని లాగ్‌లను కుదించి, నిండిన నోడ్‌ను అలాగే వదిలేసింది. ఈవెంట్ ఎక్కడ పుట్టిందో, ఏ ఫైల్‌సిస్టమ్‌లో, ఎంత విలువ దగ్గరో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ద్వారా స్క్రిప్టుకు అందుతుంది. వాటిలో నోడ్ పేరు చదివి, అక్కడికి ఎస్ఎస్‌హెచ్‌తో (మరో సర్వర్‌లోకి సురక్షితంగా ప్రవేశించే సాధనంతో) వెళ్లి పని చేసేలా స్క్రిప్టును తిరగరాశాం. కండిషన్ ఉన్న నోడే పడిపోతే గమనింపు కూడా పోతుంది కనుక, కీలకమైన రెండు కండిషన్లను రెండో నోడ్‌లోనూ పెట్టుకున్నాం. అక్కడి రెస్పాన్స్ మెయిల్ మాత్రమే పంపుతుంది.

డిస్కు, ప్రాసెసర్, ఒక ప్రోగ్రామ్ నడుస్తోందా లేదా వంటివాటిని గమనించే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉంటుంది. అందులో లేనివాటికి సెన్సర్ అనే సౌకర్యం ఉంది: మనం రాసిన చిన్న స్క్రిప్టును నిర్ణీత వ్యవధిలో నడిపి, వచ్చిన విలువను కండిషన్‌లో వాడుకోనిస్తుంది. సర్దుబాటు వరుసలో ఇంకా మిగిలిన బిల్లుల సంఖ్యను మేము ఇలాగే గమనిస్తున్నాం, మాకు అత్యంత ఉపయోగపడిన కండిషన్ ఇదే. ఏ ఈవెంట్ వచ్చింది, ఏ రెస్పాన్స్ నడిచింది, దాని ఫలితమేమిటి అన్నవన్నీ ఆడిట్ లాగ్‌లో దొరుకుతాయి.

లినక్స్ మాత్రమే వాడేవారికి దీన్ని సిఫారసు చేయను. ప్రోమిథియస్ అనే పర్యవేక్షణ సాధనం, హెచ్చరికలు పంపే దాని అలర్ట్‌మేనేజర్ వారికి నప్పుతాయి. హద్దు దాటిన స్థితి ఎంతసేపు నిలిస్తే అలర్ట్ కావాలో అక్కడ ఒక్క మాటలో రాయవచ్చు, గ్రాఫులు కూడా చూడవచ్చు. ఆర్‌ఎస్‌సీటీలో గ్రాఫులు లేవు, కమాండ్ లైన్‌కు అలవాటుపడని వారికి మొదటి నెల కష్టంగానే ఉంటుంది. మా లాగా ఏఐఎక్స్ క్లస్టర్ ఇప్పటికే ఉన్నవారు మాత్రం నిశ్చింతగా వాడవచ్చు, ఒక షరతు మీద: ఏ కండిషన్‌కైనా మొదటి నెల రోజులు మెయిల్ పంపే రెస్పాన్స్‌ను మాత్రమే ముడివేయండి. ఈ సీజన్‌లో బిల్లుల వరుస కండిషన్ ఎన్నిసార్లు, ఏ గంటకు మోగిందో అలా చూసుకున్న తర్వాతే, ఆగిన ప్రాసెస్‌ను తిరిగి మొదలుపెట్టే స్క్రిప్టును ఏప్రిల్‌లో దానికి చేర్చాం.