బన్నేరుఘట్ట సఫారీ: ముందు బండి ఎక్కండి, జూ తర్వాత

బెంగళూరులో కాపురమున్న తెలుగువాళ్ల ఇంటికి ఊరి నుంచి పిల్లలతో చుట్టాలు వచ్చారంటే ఒకరోజు లాల్‌బాగ్, ఇంకోరోజు బన్నేరుఘట్ట. లాల్‌బాగ్‌కి ఎప్పుడు వెళ్లినా సరిపోతుంది. బన్నేరుఘట్టకి అలా కుదరదు. ఒకే రోజు వెళ్లొచ్చిన రెండు కుటుంబాల్లో ఒకరు "పెద్దపులి మా బస్సు పక్కనే నడిచింది" అంటారు, రెండోవాళ్లు "డబ్బు దండగ, అన్నీ పడుకునే ఉన్నాయి" అంటారు. ఇందులో అదృష్టం పాలు కొంతే. ఎన్ని గంటలకు సఫారీ బండి ఎక్కారన్నదే అసలు సంగతి.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఇది కబిని, బందీపూర్ లాంటి అడవి సఫారీ కాదు. 1974లో నేషనల్ పార్కుగా ప్రకటించిన అడవిలో కొంత భాగాన్ని 2002లో విడదీసి బయలాజికల్ పార్కు చేశారు. జూ, సఫారీ, సీతాకోకచిలుకల పార్కు అన్నీ ఆ భాగంలోనివే. సఫారీలో చెట్లూ బండలూ నిజమైన అడవివే, కానీ శాకాహారులకి కలిపి ఒకటి, మిగతా ఒక్కో జాతికీ వేరుగా ఒకటి, కంచె వేసిన పెద్ద ఆవరణలు ఉంటాయి. కాబట్టి పులి కనపడుతుందా లేదా అన్న బెంగ అక్కర్లేదు. ఏ స్థితిలో కనపడుతుందన్నదే ప్రశ్న. ఇంకో మాట, సొంత కారు లోపలికి రానివ్వరు. పార్కు వాళ్ల బస్సు గానీ జీపు గానీ ఎక్కాల్సిందే.

మంగళవారం సెలవు. హైదరాబాద్, విశాఖ జూలకి సోమవారం సెలవు కావడంతో మనవాళ్లు ఆ లెక్కలో ఉండి, మంగళవారం పొద్దున్నే పిల్లల్ని తయారుచేసి గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంటారు. మిగతా రోజుల్లో ఉదయం 9:30కి తెరుస్తారు, సాయంత్రం 5కి మూసేస్తారు. వీలుంటే బుధ, గురువారాలు పెట్టుకోండి. శని ఆదివారాలు తప్పవంటే 9 గంటలకల్లా గేటు దగ్గర ఉండాలి. ఆదివారం 11 గంటలకు చేరారంటే ముందు పార్కింగ్‌కి, తర్వాత కౌంటరుకి, ఆపైన బండికి మూడు క్యూలు నిలబడాలి. మూడోది అయ్యేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, పులి నీడకి చేరుతుంది.

టికెట్ ముందురోజు రాత్రే పార్కు సొంత వెబ్‌సైట్లో తీసుకోండి. ఒక క్యూ తప్పుతుంది. వెతికితే అదే పేరుతో ఏజెంట్ల పేజీలు కూడా వస్తాయి, వాటి జోలికి పోవద్దు. జూకి ఒక టికెట్, సఫారీ కలిపి తీసుకుంటే ఇంకొకటి, సీతాకోకచిలుకలకి వేరే. చాలామంది పొరపడేది ఇక్కడే. జూ టికెట్ ఒక్కటే తీసుకుని, లోపలికి వెళ్లాక సఫారీ బస్సు ఎక్కడ అని అడుగుతారు. మీకు కావలసింది గ్రాండ్ సఫారీ (బండిలో తిప్పే సఫారీ పేరు అదే) కలిపి ఉన్న టికెట్. పిల్లలకీ, 60 దాటిన పెద్దలకీ రేటు వేరు కాబట్టి అమ్మమ్మ తాతయ్యల ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. రేట్లు మారుస్తుంటారు, పాత వీడియోల్లో చెప్పిన అంకెలు నమ్మి బడ్జెట్ వేయకండి.

ఇక బండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఏసీ బస్సు నయం. కిటికీలు తెరుచుకోవు, దుమ్ము రాదు, పట్టుకోవడానికి కమ్మీలుంటాయి. అద్దం మీద మన నీడే పడి ఫోటోలు పాడవడం దాని లోపం. జీపులో మనిషికి తలా ఇంత అని కాకుండా మొత్తం బండికి కట్టాలి. నలుగురే అయితే భారం, సీట్లన్నీ నిండేంత మంది ఉంటే తలసరి ఖర్చు బాగా తగ్గుతుంది. చూపు తగిలే ఎత్తు తక్కువ కాబట్టి జీపులోంచి సింహం ముఖం సూటిగా కనిపిస్తుంది, బస్సులోంచి వీపు కనిపిస్తుంది. ఫోటోల మీద ఇష్టముంటే జీపుకే నా ఓటు. ఆ రోజు ఏ బళ్లు నడుస్తున్నాయో బుకింగ్ పేజీలో చూసుకుని తీసుకోండి.

ఎక్కేముందు అందరూ బాత్రూముకి వెళ్లి రావాలి, "నాకు రావట్లేదు" అనే పిల్లాడితో సహా. సఫారీ గంట నుంచి గంటన్నర పడుతుంది. మధ్యలో ఎవరినీ దించరు, దించకూడదు.  బండి తిప్పితే వాంతులయ్యే పిల్లలకి గంట ముందే ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్ పెట్టండి. ఉత్త కడుపుతో ఎక్కించినా, పూరీలు తినిపించి ఎక్కించినా ఇబ్బందే.

మొదట శాకాహారుల ఆవరణ. దుప్పులు, కణుతులు, కృష్ణజింకలు, అడవిదున్నలు ఉంటాయి. అందరూ పులి కోసం మెడ చాచి దీన్ని వదిలేస్తారు. అడవిదున్న కాళ్లు చూపించండి పిల్లలకి. ఒళ్లంతా నల్లగా ఉండి మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టు ఉంటుంది. కృష్ణజింకల్లో మెలితిరిగిన కొమ్ములున్నది మగది, వయసు వచ్చేకొద్దీ దాని వీపు నల్లబడుతుంది.

మాంసాహారుల ఆవరణలోకి వెళ్లేటప్పుడు రెండు గేట్లు వస్తాయి. మొదటి గేటు దాటాక బండి ఆగుతుంది, వెనక గేటు పూర్తిగా మూసుకున్నాకే ముందు గేటు తెరుస్తారు. రెండూ ఒకేసారి తెరిచి ఉండవు కాబట్టి ఒక ఆవరణలోని జంతువు ఇంకో దాంట్లోకి పోలేదు. ఆలస్యమవుతోందని డ్రైవరు మీద విసుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఎలుగుబంట్ల దగ్గర బండి ఆగితే తొందరపడొద్దు. మన తెలుగు ఊళ్ల చుట్టుపక్కల గుట్టల్లో తిరిగే ఎలుగే ఇది. చింపిరి జుట్టు, బూడిదరంగు పొడవు మూతి, ఛాతీ మీద వి ఆకారంలో తెల్ల గుర్తు. హిమాలయ ఎలుగుకీ ఆ గుర్తు ఉంటుంది గానీ దాని బొచ్చు నున్నగా, చెవులు గుండ్రంగా ఉంటాయి. మన ఎలుగుకి పైదవడలో ముందరి రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగుల్ని గాలితో సహా సర్రున పీల్చేస్తుంది. అది పుట్ట తవ్వుతున్నప్పుడు బస్సు ఇంజన్ ఆపితే ఆ చప్పుడు వినిపిస్తుంది. పిల్లలు జన్మలో మర్చిపోరు. ముక్కుకి తాడు గుచ్చి వీధుల్లో ఆడించిన ఎలుగుల కోసం బన్నేరుఘట్టలో 2005లో పునరావాస కేంద్రం పెట్టారు. అలా ఆడించిన వాటికి మూతి మీద తాడు మచ్చ జీవితాంతం ఉంటుంది.

సింహాలకీ ఇలాంటి గతమే ఉంది. సర్కస్‌లలో పులులు, సింహాలు, ఎలుగుబంట్లతో ఆటలాడించకూడదని కేంద్రం 1998లో నిషేధం పెట్టాక, విడిపించిన జంతువుల్ని తెచ్చి ఉంచిన చోట్లలో బన్నేరుఘట్ట ఒకటి. చప్పట్లు, ఈలలు, కొరడాల మధ్య బతికిన జంతువుల్ని పెట్టుకున్న చోటు ఇది. బస్సులో ఈల వేసే వాళ్లుంటే ఆపమని గట్టిగా చెప్పండి, డ్రైవరు కూడా మీ పక్షమే వస్తాడు. పైగా అరిస్తే జంతువు లేచి పొదలోకి పోతుంది, నష్టం మనకే.

సమయం సంగతి ఇప్పుడు చెప్పాలి. పులులు, సింహాలు రాత్రి లోపలి గదుల్లో ఉంటాయి, పొద్దున ఆవరణలోకి వదులుతారు. వదిలిన కొత్తలో పులి తన హద్దంతా ఒక చుట్టు తిరుగుతుంది, చెట్ల మొదళ్ల మీద తన వాసన చల్లుకుంటుంది. మీకు నడిచే పులి కనిపించేది అప్పుడే. ఎండ ముదిరాక నీటిగుంటలో వెనక్కి తిరిగి కూర్చుంటుంది. అదీ చూడముచ్చటే, అయితే తల, వీపు వరకే. సింహం రోజుకి 16 నుంచి 20 గంటలు పడుకునే జంతువు. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్లి లేవలేదని బాధపడి లాభం లేదు. మార్చి నుంచి మే వరకు ఉదయం 11 దాటాక సఫారీకి ఖర్చు పెట్టకపోవడమే మంచిది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకైతే 12 దాకా పర్వాలేదు. పొద్దున కుదరనివాళ్లకి 3 తర్వాతి బండి రెండో మంచి సమయం. తిండి, గది గుర్తొచ్చి జంతువులు మళ్లీ కదులుతాయి.

చిరుతల సఫారీ 2024 జూన్‌లో మొదలైంది. ఇరవై హెక్టార్ల ఆవరణ. చిరుత చెట్టెక్కినట్టే కంచె కూడా ఎక్కగలదు. అందుకే 4.5 మీటర్ల ఎత్తు కంచె వేసి, పైన ఇనుప రేకుని లోపలికి 30 డిగ్రీలు వంచారు. చిరుతని నేల మీద వెతికితే దొరకదు. చెట్టు కొమ్మల పంగల్లో, బండల మీద చూడాలి. ముందు కిందకి వేలాడే తోక కనిపిస్తుంది. ఇక్కడే అన్నిటికంటే జాగ్రత్త కావాలి. 2025 ఆగస్టులో సఫారీ జీపులో ఉన్న ఒక బాలుడి చేతిని చిరుత కిటికీలోంచి గీరింది. తర్వాత కిటికీలకి జాలీలు బిగించమన్నారు. జాలీ ఉన్నా సరే, పిల్లల వేళ్లు దాంట్లో దూర్చనివ్వకండి. ఫోన్ బయటికి చాచొద్దు. చిరుత బండి వైపు వస్తుంటే పిల్లాణ్ణి కిటికీ నుంచి లోపలి సీటుకి జరపండి.

డ్రైవరే గైడు కూడా. మాట్లాడేది కన్నడం. చాలామందికి తెలుగు అర్థమవుతుంది, అయినా పిల్లలకి నాలుగు మాటలు నేర్పండి: హులి అంటే పులి, కరడి అంటే ఎలుగుబంటి, చిరతె, ఆనె తెలిసిపోతూనే ఉంటాయి. ఎడక్కె అంటే ఎడమవైపుకి, బలక్కె అంటే కుడివైపుకి. "బలక్కె నోడి" అనగానే తిరిగే పిల్లలకి కనిపించినంత, తర్జుమా కోసం నాన్న ముఖం చూసే పిల్లలకి కనిపించదు. బోర్డుల మీది అక్షరాలు మన అక్షరాల్లాగే ఉంటాయి, చదవడం వాళ్లకి అదనపు ఆట.

ఫోటోలకి ఒకటే సూత్రం. అద్దమైతే లెన్సుని అద్దానికి ఆనించి చుట్టూ అరచేతితో కప్పండి, మెరుపు పడదు. జాలీ అయితే లెన్సుని రంధ్రానికి వీలైనంత దగ్గరగా పెట్టి, కానీ బయటికి పోకుండా, స్క్రీన్ మీద జంతువు కన్నుపై వేలుతో నొక్కండి. నొక్కకపోతే ఫోన్ జాలీ మీదే ఫోకస్ చేస్తుంది, పులి మసక అవుతుంది. ఫ్లాష్ ఇంటి దగ్గరే ఆపేసి రండి.

సఫారీ దిగాక వరసగా సీతాకోకచిలుకల పార్కుకి వెళ్లాలి, జూకి కాదు. వాటికి ఎగరడానికి ఎండ వేడి కావాలి. పది నుంచి ఒంటిగంట మధ్య బాగుంటుంది. మబ్బు పట్టిందంటే ఆకుల కింద దాక్కుంటాయి, అలాంటి రోజు టికెట్ మానేయండి. 2006లో తెరిచిన ఈ పార్కులో పారదర్శకమైన పైకప్పు ఉన్న పెద్ద గది లోపలే సీతాకోకచిలుకలు తిరుగుతాయి. చిన్న పిల్లలకి కరివేపాకు, నిమ్మజాతి మొక్కల ఆకులు తిప్పి చూపించండి, కోయకుండా. పిట్టరెట్టలాగా తెలుపు నలుపుగా అంటుకుని ఉన్నది కదిలితే, అది గొంగళిపురుగు. పిట్టలు తినకుండా ఆ వేషం.

జూ చివరికి మిగలాలి. మామూలు జూయే, నడక ఎక్కువ. రెండు గంటలు పడుతుంది. జిరాఫీ, జీబ్రా, నీటిగుర్రం వరకు చూసి పెద్దవాళ్లకి బ్యాటరీ కారు మాట్లాడండి. ముందే జూ తిరిగితే పిల్లలు సఫారీలో నిద్రపోతారు, ఖరీదైన టికెట్ మీద.

తిండి సాదాసీదా. ప్లాస్టిక్ నిషేధం, బ్యాగులు చూస్తారు. నీళ్లు స్టీలు సీసాల్లో, పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో తెచ్చుకోండి. చిప్స్ ప్యాకెట్ చేతిలో పట్టుకుని నడిచే పిల్లాడు కోతికి మొదటి లక్ష్యం. లాక్కుంటే వదిలేయమని ముందే చెప్పాలి, తిరిగి లాగితే కరుస్తుంది. కూర్చుని భోజనం చేయాలంటే అక్కడే కర్ణాటక టూరిజం (కేఎస్‌టీడీసీ) వాళ్ల హోటల్ మయూర వనశ్రీ ఉంది.

రావడానికి మెజెస్టిక్ బస్టాండు నుంచి 365 నంబరు బస్సు నేరుగా పార్కు దాకా వస్తుంది. ఊరి మధ్య నుంచి సుమారు 22 కిలోమీటర్లు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లు బన్నేరుఘట్ట రోడ్డు మాటే ఎత్తకుండా జిగణి మీదుగా రావడం సుఖం. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వాళ్లు ఏడింటికే బయల్దేరాలి. పొద్దున సఫారీ చూసినవాళ్లందరికీ తిరుగు ప్రయాణం మాత్రం ఒకటే లెక్క: మధ్యాహ్నం మూడున్నరకి ఇంటికి బయల్దేరితే గొట్టిగెరె సిగ్నల్ ఆఫీసుల రద్దీ కంటే ముందే దాటేస్తారు, ఐదింటికి కదిలితే జయదేవ ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి పిల్లలు మళ్లీ ఆకలంటారు. బ్యాగులో ఒక డబ్బా పెరుగన్నం మిగిల్చి ఉంచండి.