పచ్చ రంగులో ఉన్నవాళ్ళే ఖాళీ చేశారు: కోవర్కింగ్‌లో మెంబర్ డేటా టూల్ చాలాకాలం వాడాక

కోవర్కింగ్ స్పేస్ (డెస్కులు, క్యాబిన్‌లు నెలవారీ అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసు) నడిపే నాలాంటివాళ్ళకి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు ఈమధ్య డెమోలో ముందుగా చూపించేది ఒకటే. మెంబర్ ఎన్నిసార్లు వచ్చాడు, ఏ రూమ్ బుక్ చేశాడు, వైఫైకి ఎంతసేపు కనెక్ట్ అయ్యాడు, యాప్ చివరిసారి ఎప్పుడు తెరిచాడు, ఇవన్నీ కలిపి ఒక్కొక్కరికీ ఒక స్కోరు. పచ్చ అయితే ఉంటాడు, పసుపు అయితే ఒక కన్నేసి ఉంచండి, ఎరుపు అయితే వెళ్ళిపోతున్నాడు, పట్టుకోండి. నేను వాడుతున్న టూల్ పేరు చెప్పను, నేను డెమో చూసిన మిగతావాటిలో కూడా ఈ ఫీచర్ కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంది. బిల్లింగ్, ఇన్వాయిస్‌లు, డోర్ యాక్సెస్ ఎలా పనిచేస్తాయో ఇక్కడ రాయడం లేదు, అవి బానే ఉన్నాయి, అందరికీ తెలిసినవే. నా కోపమంతా ఆ స్కోరు మీదే.

ఆ స్కోరుకి తోడుగా ఒక ఆటోమేషన్ కూడా వస్తుంది. ఎవరైనా ఎరుపులోకి జారగానే వాళ్ళకి దానంతటదే ఒక మెయిల్ వెళ్తుంది. "మిమ్మల్ని చూసి చాలా రోజులైంది" అని మొదలై, కింద ఒక చిన్న పెట్టెలో ఆ నెల వాళ్ళ వాడకం వివరాలు: ఇన్ని రోజులు వచ్చారు, ఇన్ని గంటలు రూమ్ వాడారు, ఇన్ని ప్రింట్లు తీశారు. కొత్త వెర్షన్‌లో ఇది ఆన్ చేసే ఇస్తారు. అప్‌డేట్ నోట్స్‌లో ఎక్కడో అడుగున ఒక లైన్ ఉంటుందనుకోండి.

మా దగ్గర ఒక ఆడిటర్ ఉండేవారు, డెడికేటెడ్ డెస్క్, అంటే ఇంకెవరూ కూర్చోని సొంత డెస్క్, తీసుకున్నారు. పెద్దాయన, మనిషి నెమ్మది. రిటర్నుల సీజన్‌లో పొద్దున మేము తలుపు తీసేసరికి బయట నిలబడి ఉంటారు, మిగతా నెలల్లో అప్పుడప్పుడు కనిపిస్తారు. మానిటర్ ఇక్కడే, ఫైళ్ళు లాకర్లో, ఉత్తరాలు మా అడ్రస్‌కే వస్తాయి. ఆయన డబ్బు కడుతున్నది వచ్చి కూర్చోవడానికి కాదు, వచ్చినప్పుడు తన కుర్చీ తనకి ఖాళీగా ఉంటుందన్న భరోసాకి. ఆ భరోసాని ఏ కార్డ్ రీడరూ నమోదు చేయదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆయన పోయిన కేసు. సీజన్ అయిపోయిన రెండో నెలలో ఎరుపు, వెంటనే మెయిల్.

ఆయన ఆ మెయిల్ ప్రింట్ తీసుకుని మరీ వచ్చారు. కోపం లేదు, ఫిర్యాదు లేదు. పెట్టెలో ఉన్న రోజుల సంఖ్య పక్కన పెన్నుతో నెల ఫీజు రాసి, భాగించి, రోజుకి ఎంత పడుతోందో కింద గీత గీసి చూపించారు. "నేనెప్పుడూ ఈ లెక్క వేయలేదండీ, మీరే వేసి పంపారు" అన్నారు. డే పాస్ రేటు అడిగారు, చెప్పాను. అంతే, డెస్క్ వదిలేశారు. లాకర్ తాళం ఇచ్చేటప్పుడు థాంక్స్ కూడా చెప్పారు, అది ఇంకా బాధ.

జిమ్ నడిపేవాళ్ళని అడిగితే ఈ సంగతి చెప్తారు, రాకుండా డబ్బు కడుతున్న మెంబర్‌ని నిద్ర లేపకూడదని. అది కాస్త కపటం మాటే, నేను దాన్ని సమర్థించడం లేదు. కానీ మా ఆడిటర్ నిద్రపోతున్న మెంబర్ కాదు, ఆయన ఏం కొంటున్నారో ఆయనకి తెలుసు. రాకపోవడాన్నీ ఇష్టం లేకపోవడాన్నీ ఒకటే గాటన కట్టేసింది టూల్. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే మెయిల్ పట్టుకుని ప్లాన్ తగ్గించుకున్నారు. విచిత్రం ఏమిటంటే రిపోర్ట్‌లో వీళ్ళందరినీ "సరిగ్గా అంచనా వేసిన" ఖాతాలో వేసుకుంది సాఫ్ట్‌వేర్. ఎరుపు అని చెప్పింది, వాళ్ళు వెళ్ళారు, కాబట్టి స్కోరు కరెక్ట్! తానే మెయిల్ పంపి తానే జోస్యం నిజం చేసుకుంది.

ఇక పచ్చవాళ్ళ సంగతి. మూలన ఉన్న క్యాబిన్‌లో ఒక చిన్న టీమ్ ఉండేది, మొత్తం లిస్టులో వాళ్ళదే టాప్ స్కోరు. నెల నెలకీ డోర్ స్వైప్‌లు పెరుగుతున్నాయి, మీటింగ్ రూమ్ గంటలు పెరుగుతున్నాయి, రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు. డాష్‌బోర్డ్ వాళ్ళ పేరు పక్కన పై ప్లాన్ అమ్మమని సలహా కూడా ఇచ్చింది. వాళ్ళు నోటీస్ ఇచ్చారు. ఎందుకంటే ఆ పెరుగుదలంతా ఇంటర్వ్యూలు. కొత్తవాళ్ళని తీసుకుంటున్నారు, క్యాబిన్ చాలడం లేదు, మా దగ్గర అంతకంటే పెద్దది లేదు. నోటీస్ ఇచ్చాక వాళ్ళ స్కోరు ఇంకా పెరిగింది, శని ఆదివారాలు కూడా వచ్చి సామాను సర్దుకుంటున్నారు కదా, స్వైప్‌లే స్వైప్‌లు. ఖాళీ చేసి తాళాలిచ్చిన రోజున కూడా ముదురాకుపచ్చ.

ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునే అమ్మాయికి మాత్రం ఎప్పుడో తెలుసు. వాళ్ళు రెండుసార్లు "పెద్ద క్యాబిన్ ఏదైనా ఖాళీ అవుతుందా" అని అడిగారట. ఆ అమ్మాయి మెంబర్ ప్రొఫైల్లో నోట్ కూడా రాసిపెట్టింది, తేదీతో సహా. నోట్ రాసుకోవడానికి టూల్‌లో చోటుంది, స్కోరు మాత్రం దాన్ని చదవదు. మొత్తం సిస్టమ్‌లో పనికొచ్చే ముక్క అదొక్కటే, లెక్కలోకి రానిదీ అదే. సపోర్ట్‌కి రాస్తే "ఫీచర్ రిక్వెస్ట్‌గా నమోదు చేశాం" అన్నారు. దాని అర్థం మీకూ తెలుసు.

స్కోరు కింద ఉన్న డేటా ఎంత గట్టిదో కూడా చూడాలి. డోర్ కార్డ్ లోపలికి వచ్చేటప్పుడే కొడతాం, బయటికి వెళ్ళేటప్పుడు గోడ మీద బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి ఎంతసేపు ఉన్నారన్నది ఊహే. ఒకడు కార్డ్ కొడితే వెనకాల నలుగురు దూరిపోతారు, తలుపు పట్టుకోవడం మర్యాద అనుకుంటారు కూడా. పొద్దున కార్డ్ కొట్టి, పార్సిల్ తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయినవాడు పూర్తి రోజు హాజరు.

వైఫై దీన్ని సరిచేస్తుందని చెప్పారు, మొదట్లో చేసింది కూడా. ఫ్లోర్ మీద ఎక్కడ ఎంతమంది ఉన్నారో రంగుల్లో చూపించే హీట్ మ్యాప్ గురించి నేనే అప్పట్లో చాలామందికి గొప్పగా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఫోన్లు తమ అసలు మాక్ అడ్రస్ (వైఫై ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్) దాచుకోవడం మామూలైపోయింది, 2019లో ఆండ్రాయిడ్ 10తో, 2020లో ఐఫోన్ల ఐఓఎస్ 14తో అది డిఫాల్ట్ అయింది. అప్పటికి ఒక నెట్‌వర్క్‌లో ఒకే నకిలీ అడ్రస్ ఉండేది కాబట్టి మాకు పెద్దగా తేడా రాలేదు. 2024లో ఐఓఎస్ 18 వచ్చాక ఒకే నెట్‌వర్క్‌లో కూడా కొన్నాళ్ళకోసారి అడ్రస్ మారే సెట్టింగ్ వచ్చింది. మా మెంబర్లలో కొందరు అలా పెట్టుకున్నారు, వాళ్ళు పాత మనిషిగా మాయమై కొత్త గెస్ట్‌గా పుడుతుంటారు. ఒకేసారి స్కోరులో ఒక ఎరుపు, విజిటర్ల లెక్కలో ఒక పెరుగుదల. పరిష్కారం ఉంది, అందరికీ ఒకే పాస్‌వర్డ్ కాకుండా 802.1ఎక్స్ అనే వైఫై లాగిన్ పద్ధతి పెట్టి మెంబర్‌కో లాగిన్ ఇవ్వాలి, అప్పుడు మాక్ అడ్రస్‌తో పనే ఉండదు. మేము పెట్టాం. ప్రింటర్‌తో, కొందరి పాత లాప్‌టాప్‌లతో పడిన తిప్పలు వేరే కథ.

మరి ఇంతకాలం ఎందుకు వాడుతున్నావయ్యా అంటే, ఒకచోట మాత్రం ఇది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. మీటింగ్ రూమ్‌లు. "రూమ్ దొరకడం లేదు" అన్నదే మా దగ్గర నంబర్ వన్ ఫిర్యాదు, ఇంకో రూమ్ కట్టడానికి కొటేషన్లు కూడా తెప్పించుకున్నాం. బుకింగ్‌లనీ తలుపు పక్కన టాబ్లెట్‌లో వచ్చామని నొక్కే చెక్-ఇన్‌లనీ పక్కపక్కన పెట్టి చూస్తే, బుక్ అయిన గంటల్లో చాలా భాగం రూమ్‌లో మనిషే లేడు. అన్నిటికంటే పెద్ద దొంగ ఎవరంటే ప్రతివారం రిపీట్ అయ్యే బుకింగ్. ఎప్పుడో పెట్టుకున్న మీటింగ్, అది ఆగిపోయినా క్యాలెండర్‌లో అలా నడుస్తూనే ఉంటుంది. పదిహేను నిమిషాల్లో చెక్-ఇన్ చేయకపోతే రూమ్ దానంతటదే ఖాళీ అయ్యేలా పెట్టాం, ఫిర్యాదులు తగ్గాయి, గోడ కట్టలేదు. ఎనిమిదిమంది పట్టే రూమ్‌లో ఒక్కడే కూర్చుని వీడియో కాల్ మాట్లాడుతున్నాడని కూడా అప్పుడే తేలింది, దానికి ఫోన్ బూత్‌లు పెట్టాం.

ఇది కూడా నేను మొదట పొగిడినంత శాశ్వతం కాదని ఇప్పుడు ఒప్పుకోవాలి. జనం నేర్చేసుకుంటారు. యాప్‌లో చెక్-ఇన్ ఉంటే ట్రాఫిక్‌లో ఉండి నొక్కేవారు. అది తీసేసి టాబ్లెట్ దగ్గరే నొక్కాలంటే, నొక్కేసి మళ్ళీ డెస్క్‌కి వెళ్ళి కూర్చునేవాళ్ళు తయారయ్యారు. డేటా ఇప్పుడు మొదటి ఏడాది అంత నమ్మకంగా లేదు, అయినా కొటేషన్లు మళ్ళీ బయటికి తీయాల్సిన అవసరం రాలేదు.

ఇంకో మంచి విషయం, గంట గంటకీ సీట్ల లెక్క. నెల సగటు చూస్తే సీట్లు ఎప్పుడూ మిగిలే ఉంటాయి, సేల్స్ చేసేవాళ్ళకి ఆ సగటంటే ప్రాణం, ఇంకా హాట్ డెస్క్ (ఏ సీటు ఖాళీ ఉంటే అక్కడ కూర్చునే) మెంబర్‌షిప్‌లు అమ్మొచ్చంటారు. మెంబర్ వచ్చేది సగటు రోజున కాదు. మంగళవారం పదకొండింటికి వచ్చి సీటు దొరక్క సోఫాలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటాడు. ఆ గంట చూసి కొత్త మెంబర్‌షిప్‌లు అమ్మడం ఆపగలిగాం. దీనికి మనుషుల పేర్లు అక్కర్లేదు, తలకాయల లెక్క చాలు. అది గమనించాక నాకు స్కోరు మీద చిరాకు ఇంకా పెరిగింది.

పేర్లు ఉన్నచోట వేరే తలనొప్పి కూడా. ఒక టీమ్ హెడ్ వచ్చి తన ఉద్యోగులు రోజూ ఎన్నింటికి వస్తున్నారో లిస్ట్ ఇమ్మన్నాడు, మర్యాదగానే. టూల్‌లో దానికి ఒక బటన్ ఉంది, రెండు క్లిక్కుల పని. నేనివ్వలేదు. తలుపు కార్డ్ ఇచ్చింది తలుపు తెరవడానికి, హాజరు పట్టీకి కాదు, ఆ ఉద్యోగులు మాతో సంతకం పెట్టిన కాగితంలో కూడా ఆ మాట లేదు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా చెప్పేది ఇదే, ఏ పనికి తీసుకున్న డేటాని ఆ పనికే వాడమని. చట్టం మాట అటుంచినా, 2016లో బ్రిటన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఉద్యోగుల డెస్కుల కింద ఉనికి సెన్సర్లు పెట్టి, గోల అవగానే అదే రోజు తీసేసిన సంగతి చూడండి. డెస్క్ ఖాళీగా ఉందా అన్న ప్రశ్న, మనిషి ఏమయ్యాడు అన్న ప్రశ్నగా మారడానికి ఒక్క పూట చాలు.

"పెద్దవాళ్ళంతా వాడుతున్నారు కదా" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. వాడారు. వైఫై సిగ్నళ్ళతో మనుషుల కదలికలు లెక్కగట్టే యూక్లిడ్ అనే కంపెనీని కోవర్కింగ్‌లో పెద్ద పేరైన వీవర్క్ 2019లో కొనేసింది. అదే వీవర్క్ 2023 నవంబర్‌లో దివాలా రక్షణ కోరింది. డేటా వల్ల మునిగిందనడం లేదు, మోయలేని దీర్ఘకాలపు లీజుల వల్ల. నేననేది, ఎవరు ఏ సోఫాలో కూర్చున్నారో తెలిసినంత మాత్రాన అద్దె తగ్గదు.

మరి కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి వేరు, మీది వేరు కావచ్చు. మాది ఒకటే ఫ్లోర్, మెంబర్ల ముఖాలు నాకు తెలుసు, ఎవరు చిరాగ్గా ఉన్నారో కాఫీ మెషిన్ దగ్గర తెలిసిపోతుంది. నాలుగైదు బ్రాంచీలు నడిపేవాళ్ళకి, స్టాఫ్ ఆరు నెలలకోసారి మారిపోయే చోట్లకి స్కోరు ఎంతో కొంత పనికిరావచ్చు, కనీసం ఎవరికి ఫోన్ చేయాలో ఒక లిస్ట్ ఉంటుంది. అప్పుడు కూడా మెయిల్ ఆటోమేషన్ మొదటి రోజే ఆఫ్ చేసేయండి, ఎరుపు వస్తే అలర్ట్ మెంబర్‌కి కాదు, మీ ఫ్రంట్ డెస్క్‌కి వెళ్ళేలా పెట్టండి. డెడికేటెడ్ డెస్క్ వాళ్ళని, సీజన్‌ని బట్టి పనిచేసేవాళ్ళని స్కోరు నుంచి మినహాయించే సెట్టింగ్ ఉందా అని కొనేముందే అడగండి, నా టూల్‌లో లేదు.

నేను ఈసారి రెన్యూవల్‌లో స్కోరు లేని కింది ప్లాన్‌కి మారుతున్నాను, రూమ్‌లూ గంటల లెక్కా అందులోనూ ఉన్నాయి. ఫ్రంట్ డెస్క్ నోట్స్‌ని స్కోరు చదవడం మొదలుపెడితే మళ్ళీ ఆలోచిస్తాను. ఆడిటర్ గారు మొన్న సీజన్‌కి డే పాస్ మీద వచ్చారు, పాత డెస్క్‌లో వేరేవాళ్ళున్నారు, కిటికీ పక్కన ఏదైనా ఉందా అని అడిగారు. పొద్దున తొందరగా వస్తే ఉంటుందని చెప్పాను.