పరుగు పుణ్యమా అని చూసిన ఊళ్లు: డర్బన్, లేహ్, సతారా

పీటర్‌మారిట్జ్‌బర్గ్ చూద్దామని హైదరాబాద్‌లో ఎవరూ విమానం ఎక్కరు. దక్షిణాఫ్రికా టూర్ ప్యాకేజీల్లో కేప్‌టౌన్, క్రూగర్ సఫారీ అయ్యాక డర్బన్‌కి మిగిలేది మహా అయితే ఒక రాత్రి, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి అదీ ఉండదు. కామ్రేడ్స్ మారథాన్‌కి వెళ్లేవాళ్ల లెక్క వేరు. వాళ్లకి ఈ రెండు ఊళ్లూ, మధ్యలో కొండల మీద పోయే పాత రోడ్డూ తప్ప వేరే దక్షిణాఫ్రికా లేదు. నన్నడిగితే నష్టపోయేది ప్యాకేజీవాళ్లే.

రేసు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. దూరం 86 నుంచి 90 కిలోమీటర్ల దాకా ఏటా కాస్త మారుతుంది. మామూలుగా ఒక ఏడాది డర్బన్ నుంచి పైకి, మరుసటి ఏడాది పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి సముద్రం వైపు కిందికి. కటాఫ్, అంటే పూర్తి చేయడానికి గడువు, 12 గంటలు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తోటి సైనికుల జ్ఞాపకంగా విక్ క్లాఫమ్ 1921లో మొదలుపెట్టాడు. ఆ ఏడాది 34 మంది బయలుదేరితే 16 మంది పూర్తి చేశారు. ఈమధ్య మన దేశం నుంచి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు.

ముందు బస సంగతి. కింది పరుగు ఏడాది చాలామంది "స్టార్ట్ దగ్గరే ఉందాం" అని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో గది తీసుకుంటారు. తెల్లవారుజామున గంటో రెండు గంటలో ఎక్కువ నిద్ర దొరుకుతుంది, అంతే లాభం. బిబ్, అంటే చొక్కాకి పెట్టుకునే నంబరు చీటీ, తీసుకునే ఎక్స్‌పో డర్బన్‌లో, రేసు ముగిసేదీ డర్బన్‌లోనే. తొంభై కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లతో మళ్లీ కొండెక్కి గదికి చేరడం ఏ రకంగా చూసినా దండగ. పైకి పరుగైనా, కిందికైనా డర్బన్ బీచ్ రోడ్డే నయం. కింది పరుగుకి చీకటితోనే డర్బన్ నుంచి రేసు బస్సులు ఉంటాయి, సీటు ముందే బుక్ చేసుకోవాలి. బీచ్ హోటళ్లు రేసు వారంలో రేట్లు పెంచేస్తాయి, ఇన్ని రాత్రులు ఉండాల్సిందేనని షరతులూ పెడతాయి. అయినా గది తీసుకునేముందు ఒక్కటి గట్టిగా అడగండి: రేసు రోజు టిఫిన్ ఎన్నింటికి? నేనున్న హోటల్‌లో అర్ధరాత్రి దాటగానే డైనింగ్ హాల్ తెరిచి ఓట్స్, అరటిపళ్లు, కాఫీ పెట్టారు. గదికి సముద్రం కనిపించకపోయినా ఆ ఒక్క సేవకి మార్కులన్నీ వేసేశాను. ఎయిర్‌పోర్టు ఊరికి దాదాపు 35 కిలోమీటర్లు. ఉబర్ బాగానే దొరుకుతుంది. చీకటి పడ్డాక మాత్రం నడక వద్దు, రెండు వీధుల దూరమైనా కారే. పగలు బీచ్ వెంట వేసిన విశాలమైన బాట మీద మనవాళ్లు గుంపులుగా జాగింగ్ చేస్తూ కనిపిస్తారు.

ఇక రోడ్డు. దీన్ని చూడటానికి కారు కన్నా కాళ్లే మేలు. కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, పాలీ షార్ట్స్ అని పేరున్న కొండలు ఐదు. పేరు లేనివి లెక్కపెట్టకుండా ఉంటే మనసుకి మంచిది. బోథాస్ హిల్ దగ్గర లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది: వెయ్యి కొండల లోయ. సగం దూరం దగ్గర, డ్రమండ్ పక్కన, గట్టులో చిన్న గూడులాంటి చోటు ఉంది. 1920ల్లో ఈ రేసుని ఐదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ అక్కడ కూర్చునేవాడట. ఓ పువ్వు పెట్టి "గుడ్ మార్నింగ్ ఆర్థర్" అంటే మిగతా సగం బాగా సాగుతుందని నమ్మకం. తిరుపతి కొండెక్కే జాతికి ఇది వివరించక్కర్లేదు. నీళ్లు చిన్న ప్లాస్టిక్ సాచెట్లలో ఇస్తారు, పంటితో మూల కొరికి తాగాలి. ఉప్పు అద్దిన ఉడికించిన బంగాళాదుంపలు అమృతం. దారి పొడవునా జనం కుర్చీలేసుకుని మాంసం కాల్చుకుంటూ, బిబ్ మీది పేరు చదివి మరీ పిలుస్తారు. ఆ పొగ వాసన ఓర్చుకోవడం ఆరో కొండ.

డర్బన్‌లో నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం రేసు కాదు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఇక్కడికి చేరింది. చెరకు తోటల్లో పనికి వచ్చిన ఒప్పంద కూలీల మొదటి బృందం అది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. ఇక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది 1931లో. షాపుల బోర్డుల మీద నాయుడూలు కనిపిస్తూనే ఉంటారు. ఎక్స్‌పోకి తీసుకెళ్లిన డ్రైవర్ ఇంగ్లిష్‌లో అడిగాడు, "ఆంధ్రానా మీరు?" అని. వాళ్లింట్లో ఉగాది చేస్తారట, అమ్మమ్మకి పాటలు వచ్చట, తనకి మాత్రం నాలుగు మాటలు మించి రావట. దిగేటప్పుడు ఆ నాలుగింటిలో ఒకటి వాడాడు: "జాగర్త."

తిండికి దిగుల్లేదు. బన్నీ చౌ తప్పక తినాలి. బ్రెడ్ దిమ్మని పావు కోసి, లోపలి మెత్తన తీసి, కూర నింపి, తీసిన ముద్దని పైన పెట్టి ఇస్తారు. మటన్‌ది మేలు. శాకాహారులకి బీన్స్ కూరతో దొరుకుతుంది. రేసు ముందు రోజు మాత్రం దాని జోలికి పోకండి, మర్నాడు పగబడుతుంది.

రేసు మర్నాడు మెట్లు దిగలేరు కాబట్టి కారు మాట్లాడుకుని పీటర్‌మారిట్జ్‌బర్గ్ వెళ్లండి. 1893 జూన్ 7 రాత్రి గాంధీని ఫస్ట్ క్లాస్ పెట్టెలోంచి దించేసిన స్టేషన్ ఇదే. ఎర్ర ఇటుకల చిన్న స్టేషన్, ప్లాట్‌ఫామ్ మీద ఒక ఫలకం. జూన్ అక్కడ చలికాలం, రేసు జరిగేదీ సాధారణంగా అప్పుడే కాబట్టి ఆ రాత్రి చలి ఎలాంటిదో మీకే తెలుస్తుంది. ఇంకో సంగతి: ఇదే కామ్రేడ్స్‌లో నల్లవాళ్లకీ, ఆడవాళ్లకీ అధికారికంగా ప్రవేశం దొరికింది 1975లో. పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి హోవిక్ అనే ఊరు దగ్గరే. 95 మీటర్ల జలపాతం ఊరి మధ్యనే ఉంది, పది నిమిషాలు చాలు. దాని కోసమే అయితే పోనక్కర్లేదు. 1962 ఆగస్టు 5న మండేలాని పట్టుకున్న చోటు చూడటానికి పోవాలి. యాభై ఉక్కు స్తంభాలు పక్క నుంచి చూస్తే వట్టి ఇనుము. ఎదురుగా సరైన దూరంలో నిలబడితే మండేలా ముఖం.

లేహ్ ఇందుకు పూర్తిగా భిన్నం. సెప్టెంబర్‌లో లద్దాఖ్ మారథాన్ జరిగే ఈ ఊరే 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఖర్దుంగ్ లా కనుమ మీదుగా పోయే 72 కిలోమీటర్ల రేసైతే 5,300 మీటర్లు దాటుతుంది. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి కాబట్టి త్వరగా తిరిగొద్దామన్నా కుదరదు. అన్ని రోజులు హోటల్ గదిలో ఉంటే పిచ్చెక్కుతుంది. చంగ్‌స్పా వైపు ఇళ్లలో హోమ్‌స్టే తీసుకోండి. వేడినీళ్లు బకెట్ లెక్కన, కరెంటు దాని ఇష్టం, కానీ వంటింటి పొయ్యి పక్కన కూర్చోబెట్టి తుక్పా అనే నూడుల్స్ సూప్ పెడతారు. మన ఖుబానీ కా మీఠాలో పడే పండు అక్కడ డాబాల మీద ఎండుతుంటుంది. ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి.

అంత ఖర్చు, అన్ని సెలవులు కుదరనివాళ్లకి మహారాష్ట్రలో సతారా ఉంది. యవతేశ్వర్ ఘాట్ ఎక్కి దిగే హిల్ హాఫ్ మారథాన్, 21 కిలోమీటర్లు. అదే రోడ్డు పట్టుకుని ముందుకి పోతే కాస్ పీఠభూమి, వానల తర్వాత కొన్ని వారాలు నేలంతా పూలే. రోజుకి ఇంతమందే అని పరిమితి ఉంది కాబట్టి టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, అదీ శని, ఆదివారాలు కాని రోజున. ఆదివారం రేసు, సోమవారం కాస్ పెట్టుకుంటే సరిపోతుంది. లాడ్జీల గురించి గొప్పగా చెప్పను. బస్టాండ్ దగ్గరివి హారన్ల మోతతో రాత్రంతా నిద్రపోనివ్వవు, కాస్త డబ్బెక్కువైనా ఊరి బయట చూసుకోండి. కండీ పేడా అనే మిఠాయి మాత్రం ఇంటికి రెండు కిలోలు తెచ్చుకోవచ్చు. కిలో బస్సులోనే అయిపోతుంది.