సూర్యారావుపేటలో నా భుజానికి తీయించిన ఎమ్మారై

ముప్ఫై ఏళ్ళుగా విజయవాడలో జాకెట్లు కుడుతున్నాను. సుగరుంది. ఉగాది ముందు నుంచి కుడి భుజం పట్టేసింది. పై అరలో దారం రీలు అందదు, జడ వేసుకోలేను, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే ప్రాణం పోయేది.

మొదట చూపించుకున్నచోట చెయ్యి పట్టుకునైనా చూడకుండా ఎమ్మారై రాసేశారు. మా ఆడపడుచు పట్టుబట్టి ఇంకో ఎముకల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నా మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పి చూశారు. నేను తిప్పినా రాలేదు, ఆయన తిప్పినా రాలేదు. "ఇది ఫ్రోజెన్ షోల్డరేనమ్మా, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. కండరం చిరిగితే మీరు ఎత్తలేకపోయినా నేనెత్తితే చెయ్యి లేస్తుంది" అన్నారు. ఎక్స్‌రేలో అరుగుదల లేదు. మామూలుగానైతే అక్కడితో సరిపోతుందట. కానీ ఫిబ్రవరిలో నేను మెట్ల మీద పడ్డాను. లోపల చిరుగు కూడా ఉందేమో తేల్చుకోవడానికి ఎమ్మారై స్కాన్ రాశారు. ఎందుకో చెప్పి రాశారు కాబట్టే 6,500 కట్టడానికి మనసొప్పింది.

ఇక స్కాన్ తీసిన సెంటర్ సంగతి. పుస్తెలతాడు, గాజులు, పిన్నీసులు అన్నీ తీయించారు. గుండెకు పేస్‌మేకర్ లాంటిది ఉందా అని రెండుసార్లు అడిగారు. ఇరవై ఐదు నిమిషాలు కదలకూడదు, చెవుల్లో దూది పెట్టినా దడదడా చప్పుడే. అరచెయ్యి పైకి తిప్పి పడుకోమంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. టెక్నీషియన్ అబ్బాయి మోచేతి కింద దుప్పటి మడిచి పెట్టి, "బొటనవేలు పైకి ఉంచినా చాలమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఆ ఓపిక కోసమే మా అక్కను కూడా అక్కడికే పంపిస్తాను.

రిపోర్టులో మాత్రం లోపలంతా కుడి అని ఉండి, పైన ఎడమ భుజం అని కొట్టారు. చూపిస్తే పావుగంటలో మార్చిచ్చారు. అయినా ఇది చిన్న తప్పు కాదు. పేరు, వయసు, ఏ వైపో అక్కడే నిలబడి చదువుకోండి.

కీలు చుట్టూ ఉండే సంచి చంకవైపు 5 మి.మీ. మందమైందట. భుజాన్ని తిప్పే కండరాల పట్టీ, అదే రొటేటర్ కఫ్, ఎక్కడా చిరగలేదు. ఆ ఒక్క మాటతో భయం పోయింది. డాక్టరుగారు కీలులోకి ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని రోజులు సుగర్ పెరుగుతుందని ముందే చెప్పారు, పెరిగింది, తగ్గింది కూడా. రోజూ వ్యాయామంగా గోడ మీద వేళ్ళు పైకి పాకిస్తున్నాను. నిన్న స్విచ్‌బోర్డు దాటాయి.